గేదె తుక్కు వేలం

మా ప్రభుత్వ శిల్ప శిక్షణాలయంలో శిల్పం ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. తుక్కు ఎంత వచ్చిందని అడుగుతారు. ఇందులో ఎగతాళి ఏమీ లేదు, నిబంధన అలాంటిది. ప్రభుత్వం వారు విద్యార్థికి ఒక రాయిని కాటా మీద తూచి ఇస్తారు. అతను చెక్కుతాడు. చెక్కాక శిల్పాన్ని మళ్ళీ కాటా ఎక్కిస్తారు. రాయిలోంచి శిల్పం పోగా మిగిలింది తుక్కు. ఈ తుక్కును మాత్రం తూయరు. పొడి పడితే కాటా పాడవుతుందని ఏనాటిదో ఒక సర్క్యులర్ ఉంది. మాస్టారు కుప్పను కళ్ళతో చూసి, లెక్క సరిపోయేటంత బరువు అంచనా కట్టి సంతకం పెడితే చాలు.

లెక్క కుదిరిన శిల్పాన్ని ఆవరణలో ఎండకూ వానకూ నిలబెట్టి వీపు మీద ఎర్రరంగుతో నంబరు వేస్తారు. తుక్కును ఏటా బహిరంగ వేలం వేస్తారు. మా శిల్పాన్ని ఇంతవరకూ పుట్టినవాడెవడూ కొనలేదు కాబట్టి ఖజానాకు మా వల్ల చేరే ఆదాయమంతా తుక్కుదే. పై ఆఫీసుల దృష్టిలో మాది తుక్కు తయారుచేసే సంస్థ. శిల్పాలు మధ్యలో తగులుకున్న ఇబ్బంది.

నేనక్కడ మాస్టారిని. పేరు భీమేశ్వరాచారి. మా తాతలూ ముత్తాతలూ ఉలి పట్టినవాళ్ళే. అటువంటి ఇంట పుట్టినవాణ్ణి ఈ వయసులో ఒక కంప్యూటరు ప్రోగ్రాం మీద మనసు పారేసుకున్నాను. దాని పేరు మైనం. తెర మీద ఒక ముద్ద కనిపిస్తుంది. చేతిలో ప్లాస్టిక్ కలం లాంటిది పట్టుకుని దాన్ని నొక్కవచ్చు, లాగవచ్చు, చెక్కవచ్చు. మీటలన్నీ తెలుగులోనే ఉంటాయి. చెక్కు, అతుకు, నునుపు, వెనక్కి. ఆ ‘వెనక్కి’ ఉంది చూశారూ, దాని విలువ రాతి పనివాడికే తెలుస్తుంది. రాతిలో దేవుడి ముక్కు ఊడిందంటే ఇక చేసేదేమీ ఉండదు, కోరలు పెట్టి రాక్షసుణ్ణి చేసుకోవడమే. మా ఆవరణలో ఇందరు రాక్షసులు ఎందుకున్నారని వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. మైనంలో ముక్కు ఊడితే వెనక్కి నొక్కుతాం, ముక్కు వచ్చి కూర్చుంటుంది. మొదటిసారి అది చూసినప్పుడు నాకు నిజంగా కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఇంకో విశేషం, దీన్ని చేసింది పెద్ద కంపెనీ కాదు. పాలకొల్లులో, మామగారి బేకరీ మీది గదిలో కూర్చుని, విద్యాసాగర్ అనే ఒకే ఒక్క మనిషి చేశాడు. పెద్ద కంపెనీలకు ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటాయి. ఈయనకు చేస్తే టిఫిన్ అయిందాండీ అంటాడు. పొద్దున లోపం చెబితే సాయంత్రానికి సరిచేసి, పైగా ఆలస్యమైందని నొచ్చుకుంటాడు. అలాంటి వస్తువు దొరికాక నేను నోరు మూసుకుని ఎలా ఉంటాను? పాలవాడికి చెప్పాను. పళ్ళ డాక్టరు నా నోట్లో గొట్టం పెట్టి ఉండగానే సైగలతో చెప్పాను. తోడల్లుడి కూతురి పెళ్ళిలో పురోహితుడి ఫోన్లో ఎక్కించబోతే మా ఆవిడ చెయ్యి పట్టి లాక్కొచ్చింది. భోజనాల దగ్గర మైనం మాట ఎత్తకూడదని మా ఇంట్లో నిబంధన ఉంది. ఇది నేను ఒప్పుకున్న నిబంధనే.

మా ఆఖరి సంవత్సరం విద్యార్థిని కాకుమాను ఝాన్సీ స్కూటీ మీంచి జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక డాక్టరు, ఇక సుత్తి పట్టొద్దని చెప్పేశాడు. చదువు మానేస్తానని ఏడుస్తూ వచ్చింది. ఏదో పథకం కింద మాకు ఇచ్చిన కంప్యూటరు ఒకటి గుడ్డ కప్పుకుని, ఏటా దసరాకు బొట్టు పెట్టించుకుంటూ ఓ మూల ఉంది. ఆ పిల్లను దాని ముందు కూర్చోబెట్టి చేతికి కలం ఇచ్చాను. ఆ తర్వాత నేను చెప్పింది తక్కువ, ఆమె చేసింది ఎక్కువ.

ఆమె చేసింది గేదెను. చెరువులోంచి లేస్తున్న గేదె. ముందు మోకాళ్ళు ఇంకా వంగే ఉన్నాయి, డొక్క మీంచి బురద జారుతోంది. ఎందుకు లేపారురా నన్ను అన్నట్టు ఓ చూపు. నా ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళలో నా చేతి మీదుగా అంత ప్రాణమున్న వస్తువు రాలేదు. హైదరాబాదులో పిల్లల మ్యూజియం కడుతున్నవాళ్ళు దాని ఫొటో చూసి, నెలాఖరులోగా సర్టిఫికెట్టూ కంప్యూటర్లో ఉన్న అసలు గేదె ఫైలూ రెండూ పట్టుకొస్తే ఉద్యోగం ఇస్తామన్నారు. లేకపోతే నెల తిరిగేసరికి బాబాయి జిరాక్స్ షాపులో కూర్చోవాలని వాళ్ళ నాన్న ముందే తేల్చేశాడు.

సరిగ్గా అప్పుడు ఆడిట్ వచ్చింది.

ఆడిట్ అధికారి దైవాధీనంగారు చాలా నిజాయితీపరుడు. మా టీ కూడా తాగరు. గేదెను చూపించాం. తెర ముందు నుంచి చూశారు. వెనకవైపు ఎలా ఉందోనని కంప్యూటరు వెనక్కి వెళ్ళి చూశారు. అక్కడ తీగలు తప్ప ఏమీ లేకపోవడం రాసుకున్నారు. రాయి ఎంత ఇచ్చారని అడిగితే రాయి లేదన్నాను. తుక్కు ఎంత వచ్చిందంటే తుక్కూ లేదన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“శిల్పం కనబడుచున్నది, తుక్కు కనబడుట లేదు. తుక్కు లేకుండా శిల్పం ఉత్పన్నమగుట నిబంధనల రీత్యా అసంభవం. కావున సదరు తుక్కు అన్యాక్రాంతమైనట్లు భావించడమైనది” అన్నారు. ఆయన మామూలుగానే అలా మాట్లాడతారు. మంచినీళ్ళు కూడా అలాగే అడుగుతారు.

అంతటితో పోయేదే. కానీ ఝాన్సీ జాగ్రత్త కలిగిన పిల్ల. గేదెకు నకళ్ళు దాచుకుంది. అవి బయటపడ్డాయి. రాయి లేకుండా ఒక శిల్పం పుట్టడమే అక్రమమనుకుంటే, ఆ ఒక్కటి మళ్ళీ పిల్లలు పెట్టిందన్నమాట. ఆయన సమక్షంలో నకళ్ళన్నీ చెరిపించారు. ఆ మిగిలిన గేదె ఆవరణ దాటి పోకుండా ఇంటర్నెట్ తీగను చుట్టి బీరువాలో పెట్టించారు. పెన్‌డ్రైవ్ దూర్చే కన్నాల మీద కొవ్వొత్తి వెలిగించి లక్క కరిగించి సీలు వేయించారు. తుక్కు చూపించేదాకా సర్టిఫికెట్టు ఆపమని రాసి వెళ్ళారు.

మా ప్రిన్సిపాల్ పరాంకుశంగారు రిటైర్‌మెంట్‌కు దగ్గరపడ్డ మనిషి. సర్వీసులో ఒక్క ఆడిట్ అభ్యంతరం కూడా లేకుండా నెట్టుకొచ్చారు. ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. నా గదికి వచ్చి తలుపు వేసి, ఆచారిగారూ, ఎలాగైనా సరే తుక్కు పుట్టించండి అని బతిమాలారు.

పాలకొల్లు ఫోను చేశాను. ఇంకెవరైనా అయితే నవ్వేవాళ్ళు, లేదా దరఖాస్తు పెట్టుకోమనేవాళ్ళు. విద్యాసాగర్ మాత్రం, “అలాగేనండి. తుక్కు మీకు ముతకదాండీ, మెత్తందాండీ?” అని అడిగాడు.

సాయంత్రానికల్లా కొత్త మైనం తయారు. ఇప్పుడు అందులో అయిపోయిన శిల్పం చుట్టూ మళ్ళీ రాయి పుట్టించవచ్చు. ఆ రాయిని చెక్కుతుంటే టకటకమని చప్పుడుతో ముక్కలు రాలి కింద కుప్ప పడతాయి. ఒక మూల రాయి బరువూ కుప్ప బరువూ కనిపిస్తాయి. ఊడ్చుకోవడానికి చీపురు కూడా ఇచ్చాడు. అది నేను అడగలేదు, ఆయనకే తోచింది. ఈ వెర్షన్‌ను తుక్కు ఉత్పత్తి పరికరంగా గుర్తించి, దాన్ని ఎక్కించడానికి దైవాధీనంగారు స్వయంగా వచ్చి లక్క ఊడదీసి, మళ్ళీ వేశారు.

తెర మీద తొలి ముక్క రాలగానే ఆయన ముఖం విప్పారింది. ఝాన్సీ తన గేదె చుట్టూ పుట్టించిన రాయిని మొదటి నుంచీ చెక్కుకుంటూ వస్తోంది. ఓ చోట చెవి అంచు కాస్త లోతుగా తెగింది. అలవాటు ప్రకారం వెనక్కి నొక్కింది. కుప్పలోంచి ముక్క లేచి, ఎగిరి వెళ్ళి చెవికి అతుక్కుంది. దైవాధీనంగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. రాలిన క్షణం నుంచీ తుక్కు ఖజానాది. ఖజానా ఆస్తిని వేలం లేకుండా ఒక గేదెకు ధారపోయడం ఆయన సర్వీసులో చూడలేదట. ఇకపై వెనక్కి నొక్కాలంటే ప్రతిసారీ ప్రిన్సిపాల్ లిఖితపూర్వక అనుమతి ఉండాలని ఉత్తర్వు వేశారు.

దాంతో పరాంకుశంగారు కుర్చీ తెచ్చుకుని ఝాన్సీ పక్కనే కూర్చోవలసి వచ్చింది. మొదట్లో చూడకుండానే సంతకాలు పెట్టేవారు. తర్వాత ఎందుకు వెనక్కి అని అడగసాగారు. ఆ తర్వాత, ఆ తోక ఇప్పుడే బాగుందమ్మా, నేను సంతకం పెట్టను పో అని మొండికేయడం మొదలుపెట్టారు. ఆయన చిన్నప్పుడు గేదెల్ని కడిగిన మనిషని మాకెవరికీ తెలియదు. మెడ చర్మం ఎలా ముడతపడుతుందో చేత్తో గాల్లో గీసి చూపించేవారు. భోజనానికి పిలిస్తే ఈ డొక్క అయ్యాక వస్తాననేవారు. ఈ మధ్యలోనే స్టోర్ కీపరు నిబంధన ప్రకారం శిల్పానికి నంబరు వేయాలని వచ్చి, కంప్యూటరు అద్దం మీద ఎర్రరంగుతో రాసి పోయాడు. అది సరిగ్గా గేదె ముఖం మీద పడింది. దాని పక్కనుంచి తొంగి చూస్తూ మిగతా పని కానిచ్చారు.

గేదె మునుపటికంటే గొప్పగా వచ్చింది. ఇక తూకం ఒక్కటే మిగిలింది.

తుక్కు విషయంలో పేచీ లేదు. మాస్టారి అంచనా చాలు కాబట్టి తెర మీది అంకె చూసి నేను సంతకం పెట్టాను. శిల్పానికి మాత్రం కాటా తప్పదు. గేదె లేకుండా కంప్యూటరును ఒకసారి తూచారు, గేదె తెరిచి ఉండగా ఇంకోసారి తూచారు. అనుమానం తీరక గేదెను పెద్దదిగా కనపడేటట్టు చేసి మరోసారి తూచారు. ముల్లు కదల్లేదు. దైవాధీనంగారు కాసేపు లెక్క కట్టి, మా అందరి ముందూ చదివారు.

“శిల్పం బరువు సున్నా. కావున ఇచ్చిన రాయి యావత్తూ తుక్కు కావలసియున్నది. అట్లు కాలేదు. గేదె మేరకు తుక్కు బకాయి కలదు. సదరు బకాయి చెక్కి జమచేసిన మీదట సర్టిఫికెట్టు మంజూరు చేయవచ్చును.”

అంటే గేదెను కూడా తుక్కు చేయాలి. ఒక్క ముక్క మిగలకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. అడ్డం పడి వాదించాను. ఆయన కోప్పడలేదు. నా బాధను సానుభూతితో నమోదు చేసుకున్నారు. పై ఆఫీసుకు పరాంకుశంగారే వెళ్ళి మొరపెట్టుకున్నారు. అక్కడివాళ్ళు, రాతి బరువూ తుక్కు బరువూ అచ్చంగా సమానమయ్యే ఇంత పారదర్శకమైన శిల్పం రాష్ట్రంలో ఇదే మొదటిదని మెచ్చుకుని, శుభస్య శీఘ్రమని పంపించారు.

ఝాన్సీ ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుంది. ఆ పిల్ల గట్టిగా ఏడిస్తే బాగుండును, ఏడవలేదు.

“గేదెను చంపితే సర్టిఫికెట్టు ఇస్తారు. గేదె లేకుండా ఆ కాయితం పట్టుకుని నేనెక్కడికి పోవాలి మాస్టారూ?” అంది.

నా దగ్గర ఉన్నది ఒక్క ఫోను నంబరు. విద్యాసాగర్ అంతా విన్నాడు. తర్వాత మెల్లగా, తుక్కును బయటివాళ్ళకు ఇస్తారా అని అడిగాడు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి వేలం వేస్తారన్నాను.

“అయితే గాబరా పడకండి. మైనంలో రాలిన ప్రతి ముక్కకీ అదెక్కడి నుంచి ఊడిందో గుర్తుంటుందండి. ఆ తుక్కు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ కంప్యూటర్లో వెనక్కి నొక్కితే చాలండి, గేదె లేస్తుంది. కానీ అది ఎవరో కొనాలండి” అన్నాడు.

ఆవరణలో వెనక్కి నొక్కడం నేరం. ఆవరణ బయట ఎవరి తుక్కు వాళ్ళ ఇష్టం. గేదె మా గేటు దాటడానికి ఇక మిగిలిన దారి ఒక్కటే, తుక్కుగా మారి వేలంలో పోవడం.

మర్నాడు ఝాన్సీ తోక దగ్గర మొదలుపెట్టింది. ఆమెకు సంగతి తెలుసు. పరాంకుశంగారికి నేను చెప్పలేదు. ఆయన మనసులో ఏదీ దాగదు. పాపం ఆ పెద్దమనిషి ప్రతి ముక్క రాలినప్పుడల్లా, వెనక్కి నొక్కుతావా తల్లీ, సంతకం పెడతాను అని అడిగారు. చివరికి కళ్ళు మిగిలాయి. ఖాళీ తెర మీద రెండు గేదె కళ్ళు, ఎర్ర నంబరు పక్కనుంచి మమ్మల్ని చూస్తున్నాయి. అవీ రాలాయి. దైవాధీనంగారు తృప్తిగా తలూపి, అక్కడికక్కడే సర్టిఫికెట్టు ఇప్పించారు. ఫస్టు క్లాసు.

వేలానికి ఏటా వచ్చే మనిషి సాంబయ్య ఒక్కడే. ఊరి బయట అతనికి గచ్చుబిళ్ళలు పోతపోసే యార్డు ఉంది. మా తుక్కు ఆ బిళ్ళల్లోకి పోతుంది. ఎప్పటిలాగే లారీ వేసుకుని వచ్చాడు. సరుకు ఏదని అడిగితే స్టోర్ కీపరు పళ్ళెంలో పెన్‌డ్రైవ్ పెట్టి చూపించాడు. సాంబయ్య దాన్ని చూసి, మమ్మల్ని చూసి, లారీ వైపు తిరిగాడు. పాడేవాళ్ళు లేకపోతే తుక్కును ఆవరణలోనే గొయ్యి తీసి పూడ్చాలని నిబంధన. గొయ్యి అప్పటికే తవ్వి ఉంది. దైవాధీనంగారు గడియారం చూసుకుంటున్నారు.

నేను సిగ్గు విడిచి సాంబయ్య వెనక పరుగెత్తాను. ఈ ఒక్క ఏడు పాడమని చేతులు పట్టుకున్నాను. ఎందుకో చెప్పేంత వ్యవధి లేదు. అతను గోతి పక్కన నిలబడ్డ ఝాన్సీని చూశాడు. ఆ పిల్ల ముఖం చూస్తే ఎవరికైనా ఏదో ఉందని తెలిసిపోతుంది.

“ఏటా మీరు లారీ తుక్కని రాస్తారు, నాకు ముట్టేది అరలారీ. మీ అంచనాలు నాకు తెలియవా మాస్టారూ. ఈ ఏడు అంతా కాయితం మీదే ఉందంటారు, అంతేగా?” అని వెనక్కి వచ్చి పాడాడు. పోటీ లేదు కాబట్టి అతనికే ఖాయమైంది.

గేట్ పాస్ లారీ పేరు మీద ఉంది కాబట్టి సరుకు లారీలోనే పోవాలన్నారు. పెన్‌డ్రైవ్‌ను లారీ మధ్యలో పెట్టి, గాలికి ఎగరకుండా పట్టా కప్పి తాళ్ళు కట్టారు. దైవాధీనంగారు గేటు దాకా వచ్చి లెక్క ముగిసిందని సంతకం పెట్టారు. ఆయన నన్ను చూసి నవ్వడం అదే మొదటిసారి.

ఝాన్సీ, నేనూ ఆటోలో లారీ వెనకే వెళ్ళాం. పరాంకుశంగారు అర్ధరోజు సెలవు పెట్టి, ఎందుకో తెలియకుండానే మాతో ఎక్కేశారు. దారిలో సంగతి చెప్పేసరికి ఆటో తొందరగా పోనివ్వమన్నారు. యార్డులో బిల్లులు కొట్టే పాత కంప్యూటరు ఒకటి ఉంది. నేను అందులో మైనం ఎక్కించాను. ఇది నాకు కొత్త పని కాదు. సాంబయ్య పట్టా విప్పి పెన్‌డ్రైవ్ తెచ్చి, ఏం చేస్తారో చూద్దామని స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఝాన్సీ వెనక్కి నొక్కింది. ముందు కళ్ళు వచ్చాయి. ఆ తర్వాత ముట్టె, కొమ్ములు, ముడతలు పడ్డ మెడ. కుప్పలోంచి ముక్కలు లేచి వేటి చోటు అవి వెతుక్కుని కూర్చుంటున్నాయి. వంగిన మోకాళ్ళు వచ్చాయి. డొక్క మీద బురద వచ్చింది. పరాంకుశంగారి చెయ్యి అలవాటు కొద్దీ జేబులో కలం కోసం వెళ్ళి ఖాళీగా బయటికి వచ్చింది. తోక కుచ్చు కూడా చేరింది. ఇంకొక్కసారి నొక్కితే చుట్టూ ఉన్న రాయి మళ్ళీ పెరగడం మొదలవుతుంది. “చాలమ్మా, ఆపు” అన్నారాయన. ఆమె వేలు తీసేసింది.

సాంబయ్య తెరకు దగ్గరగా జరిగి చాలాసేపు చూశాడు. అప్పుడు తట్టింది నాకు. ఈ తుక్కు అతను వేలంలో కొన్నది. దానిలోంచి ఏం లేచినా న్యాయంగా అతనిదే. ఝాన్సీకీ అదే తట్టినట్టుంది, కుర్చీలోంచి లేచి పక్కకు నిలబడింది. ఇది నాదే కదా అని సాంబయ్య అడిగాడు. అవునని నేనే చెప్పాల్సి వచ్చింది.

అతను తెర మీద గేదె పక్కన ఇంకా మిగిలి ఉన్న రాతిముక్కల కుప్పను వేలితో చూపించాడు.

“నేను పాడింది తుక్కుకమ్మా. అది అదుగో, ఉంది. మీ గేదె దారి తప్పి నా తుక్కులో పడింది. తోలుకుపో” అన్నాడు.

ఝాన్సీ గేదెను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, దాన్ని పిడికిట్లో పెట్టుకుని హైదరాబాదు బస్సుకు పరుగెత్తింది. పరాంకుశంగారు ఆమె ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుని, ఈ కుప్పలోంచి ఒక దూడ వస్తుందేమో చూద్దామా అని నన్ను అడిగారు.